పచ్చ తేనీరు: ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు

 

మన కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టినప్పుడు నేనూ పేరిచ్చాను. వరుసలో నిలబడ్డాం. నర్సక్క ఒక్కొక్కరి వేలు పొడిచి, చుక్క రక్తం తీసి, చిన్న మిషన్‌లో చూసి, "నీకే చాలదమ్మా, ఇంక ఇంకొకరికేం ఇస్తావు? పోయి బాగా తిను" అని పంపించేస్తా ఉంది. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములైనా ఉండాలి. నాకు అంత లేదు. నా ముందున్న అమ్మాయికీ లేదు. "పొద్దున ఏం తిన్నావు?" అని నర్సక్క అడిగితే, ఆ అమ్మాయి "గ్రీన్ టీ" అంది. నన్నూ అదే అడిగింది. నా జవాబు కూడా అదే.

లావు తగ్గాలని, ముఖం మెరవాలని, ఫోనులో చూసిన వీడియోలను నమ్మి మనలో చాలామంది ఈ అలవాటు చేసుకున్నాం. టిఫిన్ మానేసి ఒక కప్పు, అన్నం తిన్న వెంటనే ఒక కప్పు. శిబిరం నుంచి తిరిగొచ్చాక నాకు ఒక సందేహం పట్టుకుంది. గ్రీన్ టీ నిజంగా మంచిదా? మంచిదైతే మాకెందుకు ఇలా అయింది? లైబ్రరీలో వెదికి, సైన్సు చదివే అక్కలను అడిగి తెలుసుకున్నది ఈ నెల గోడపత్రికలో రాస్తున్నాను. తెలుగు శాఖ పత్రిక కాబట్టి ముందు మాట నుంచే మొదలుపెడతాను.

పేరులో ఏముంది?

చాలామంది తేనీరు అంటే తేనె లాంటి నీరు అనుకుంటారు. నేనూ చిన్నప్పుడు అట్లాగే అనుకున్నాను. కానీ ఇందులో తేనె లేదు. చైనాలో ఈ ఆకుకు ఉన్న ఒకే అక్షరాన్ని ఒక్కో ప్రాంతంలో ఒక్కో విధంగా పలుకుతారు. ఎక్కువ చోట్ల "చా" అంటారు. తూర్పు సముద్ర తీరంలోని ఫుజియన్ ప్రాంతంలో "తే" అంటారు. నేల దారిన, ఒంటెల మీద పోయిన చోటల్లా "చా" పోయింది. పారశీకం, హిందీ, ఉర్దూలలో అది చాయ్ అయింది. ఫుజియన్ రేవుల దగ్గర ఆకు కొని ఓడలకెత్తిన డచ్చి వర్తకుల నోట "తే" ఐరోపాకు పోయింది. ఇంగ్లీషు టీ అట్లా వచ్చిందే.

మన తెలుగులో రెండు దారులూ కలుస్తాయి. హైదరాబాదులో చాయ్ అంటారు. మిగతా చోట్ల టీ అంటాం. పుస్తకాల్లో తేనీరు, తేయాకు అని రాస్తాం. తే + నీరు = తేనీరు. తే + ఆకు = తేయాకు. రెండోదాన్ని చూడండి, మనం క్లాసులో చదువుకున్న యడాగమమే. రెండు అచ్చుల మధ్య యకారం వచ్చి కూర్చుంది. మన ఊళ్ళో కడప దాటితే వినిపించే తమిళంలోనూ తే + ఇలై అంటే తేయిలై అవుతుంది. అక్కడా అదే యకారం. రెండు భాషలూ ఒక చైనా మాటను తమ తమ వ్యాకరణంలోకి ఒకే తీరున తెచ్చుకున్నాయి.

ఇక గ్రీన్ టీని ఏమనాలి? నేను పచ్చ తేనీరు అంటాను. మన తెలుగులో పచ్చ అంటే ఆకు రంగూ అవుతుంది, పసుపు రంగూ అవుతుంది. గ్రీన్ టీ కాచి చూడండి, గ్లాసులో కనబడేది ఆకుపచ్చ కన్నా పసుపుపచ్చకే దగ్గర. ఇంగ్లీషు పేరు కన్నా మన పేరే దానికి బాగా నప్పుతుంది.

ఒకే చెట్టు, రెండు రంగులు

గ్రీన్ టీ వేరే చెట్టు నుంచి వస్తుందని నేను అనుకునేదాన్ని. ఈ పొరపాటు పెద్ద పెద్ద పండితులే చేశారు. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1762లో నల్ల టీ చెట్టు ఒక జాతి, పచ్చ టీ చెట్టు ఇంకో జాతి అని రాశాడు. 1840లలో చైనా లోపలికి పోయిన స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్ కళ్ళారా చూసి, రెండూ ఒకే చెట్టు ఆకులని తేల్చాడు. ఆ చెట్టు కమేలియా సినెన్సిస్.

మరి తేడా ఎక్కడ వస్తుంది? మన వంటింట్లోనే జవాబుంది. వంకాయ తరిగి నీళ్ళలో వేయకుండా వదిలేస్తే ముక్కలు నల్లబడతాయి కదా. కోసిన చోట గాలి తగిలి, కాయలో ఉన్న ఒక ఎంజైము పని మొదలుపెడుతుంది. తేయాకులోనూ అంతే. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలికి వదిలితే అది ఎరుపు తిరిగి నల్లబడుతుంది. తరువాత ఆరబెడతారు. మనం పాలు పోసి కాచుకునే టీ పొడి ఇదే. పచ్చ టీకి ఆకు కోసిన కాసేపటికే వేడి తగిలిస్తారు. చైనాలో పెద్ద బాణలిలో వేయిస్తారు, జపాన్‌లో ఆవిరి పడతారు. ఆ వేడికి ఎంజైము చచ్చిపోతుంది. అందుకే ఆకు రంగు మారదు, అందులోని వగరు పదార్థాలు చాలావరకు అట్లాగే మిగులుతాయి. ఆ వగరు పదార్థాల పేరు కేటెకిన్లు. గ్రీన్ టీ గురించి చెప్పే మంచీ చెడూ చాలావరకు వీటి చుట్టూనే తిరుగుతుంది.

మొదటిసారి ఇంట్లో నేను గ్రీన్ టీ కాచుకుంటే మా అవ్వ చూసి, "ఏం కన్నూ, ఒంట్లో బాగాలేదా, కషాయం తాగుతుండావు?" అంది. నేను నవ్వాను. తరువాత నిఘంటువు చూస్తే అవ్వ మాటే సరి. సంస్కృతంలో ఆరు రుచుల్లో వగరుకు పేరు కషాయం. జామపిందె, వక్క, కరక్కాయల్లో ఉన్న రుచే ఇది.

చైనా నుంచి జపాన్‌కు

చైనాలో షెన్నోంగ్ అనే పురాణ చక్రవర్తి నీళ్ళు కాచుకుంటుంటే గాలికి ఆకులు రాలి పడ్డాయని, అట్లా టీ పుట్టిందని కథ చెబుతారు. అది కథ. చరిత్రలో గట్టిగా నిలబడే పేరు లూ యూ. ఎనిమిదో శతాబ్దిలో ఆయన టీ మీదనే ఒక గ్రంథం రాశాడు. ఆకు ఎక్కడ పెరుగుతుంది, ఎట్లా కోయాలి, ఏ నీళ్ళు మంచివి, ఏ గిన్నె మంచిది అన్నీ చెప్పాడు. ఆ కాలంలో ఆకును ఆవిరి పట్టి, దంచి, బిళ్ళలు చేసి ఆరబెట్టేవారు. తాగేటప్పుడు పొడి చేసి నీళ్ళలో ఉప్పు వేసి కాచేవారు. 1391లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి హోంగ్‌వూ, కప్పంగా బిళ్ళలు వద్దు, విడి ఆకే పంపండని ఆజ్ఞ ఇచ్చాడు. బిళ్ళలు చేయడం ప్రజలకు ఎక్కువ కష్టమని కారణం. అప్పటి నుంచి విడి ఆకును వేడినీళ్ళలో వేసి తాగే పద్ధతి పెరిగింది. ఇప్పుడు మనం చేసేది అదే.

జపాన్‌లో టీ గట్టిగా వేళ్ళూనడానికి కారణం ఐసాయ్ అనే బౌద్ధ భిక్షువు. చైనాలో చదువుకుని 1191లో విత్తనాలతో తిరిగొచ్చాడు. 1211లో టీ తాగి ఆరోగ్యం కాపాడుకోవడం గురించి పుస్తకం రాశాడు. కొన్నేళ్ళకు షోగున్ సనెతోమో రాత్రి బాగా మద్యం పుచ్చుకుని పొద్దున తలనొప్పితో పడుకుంటే, ఐసాయ్ ఒక గిన్నె టీతో పాటు తన పుస్తకాన్నీ పంపించాడట. అంటే, టీని ఆరోగ్యం పేరు చెప్పి పరిచయం చేయడం ఇప్పటి వీడియోలతో మొదలైంది కాదు, ఎనిమిది వందల ఏళ్ళ కిందటి పని. 1738లో నగతాని సోయెన్ అనే రైతు ఆవిరి పట్టిన ఆకును చేత్తో నలుపుతూ ఆరబెట్టే పద్ధతిని తీర్చిదిద్దాడు. జపాన్‌లో ఈనాడు రోజూ తాగే సెంచా టీ అట్లా వచ్చింది.

వ్యాపారం పెరిగితే కల్తీ కూడా పెరుగుతుంది. పైన చెప్పిన ఫార్చ్యూన్‌ను ఈస్ట్ ఇండియా కంపెనీ 1848లో మళ్ళీ చైనాకు పంపింది. చైనావాడి వేషం వేసుకుని, టీ మొక్కలు, విత్తనాలు, పనివాళ్ళను హిందూదేశానికి తేవడం ఆయన పని. అక్కడ ఒక పచ్చ టీ కార్ఖానాలో కూలీల వేళ్ళు నీలంగా ఉండడం చూశాడు. విదేశీయులకు పచ్చగా కనబడాలని ఆకుకు నీలిరంగు, జిప్సం పొడి కలిపి పూస్తున్నారు. వాళ్ళు మాత్రం ఆ రంగు టీ తాగరు. రంగు చూసి మోసపోవద్దనేది పాత పాఠమే.

మన కొండకు ఎట్లా వచ్చింది?

వాన వెలిసిన పొద్దున అన్నూరు నుంచి పడమటి వైపు చూస్తే నీలగిరి కొండలు కనబడతాయి. ఆ కొండల మీద టీ సహజంగా పుట్టింది కాదు. 1830లలో మొక్కలు తెచ్చి నాటి చూశారు. 1835లో కేత్తి ప్రయోగ తోటకు కొన్ని మొక్కలు వచ్చాయి. వ్యాపారం కోసం తోటలు పెరిగింది 1860ల నుంచి. 1899లో మేట్టుపాళయం నుంచి కూనూరుకు కొండరైలు నడిచింది. 1908కి అది ఊటీదాకా పోయింది. మనం బస్సెక్కి మేట్టుపాళయం పోయి సరదాగా ఎక్కే ఆ రైలు, మొదట్లో తోటల సరుకునూ మోసింది. మన కోయంబత్తూరు జిల్లాలోనే ఇంకో పక్క ఆనైమలై కొండల్లో వాల్పారై ఉంది. అక్కడా కొండలంతా టీ తోటలే.

ఈ చరిత్రలో ఆడవాళ్ళ చేతులున్నాయి. రెండాకులు, ఒక మొగ్గ చొప్పున గిల్లి బుట్టలో వేసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కరువుకు, అప్పుకు తాళలేక మైదానం నుంచి కుటుంబాలకు కుటుంబాలు కంగాణీల వెంట కొండలెక్కాయి, సముద్రం దాటి సిలోను పోయాయి. ఉత్తరాంధ్ర నుంచి తెలుగు కుటుంబాలు అస్సాం తోటలకు పోయి అక్కడే నిలిచిపోయాయి. 1964లో శాస్త్రి, సిరిమావో ఒప్పందం జరిగాక సిలోను నుంచి తిరిగొచ్చిన కుటుంబాలకు పని కల్పించాలని తమిళనాడు ప్రభుత్వం 1968లో నీలగిరిలో టీ తోటలు మొదలుపెట్టింది. అదే ఇప్పటి టాన్‌టీ. ఒక కప్పు చేతిలోకి తీసుకుంటే ఇంతమంది నడక అందులో ఉంది.

ఇంకో సంగతి. తోటలు కొండ మీద ఉన్నా కింద పల్లెల్లో టీ తాగే అలవాటు లేదు. మా అవ్వ వాళ్ళ అమ్మ పొద్దున్నే తాగింది నీళ్ళన్నంలో చల్ల, సజ్జంబలి. టీ పండించిన కంపెనీలే మన దేశంలో అమ్మకం పెంచుకోవాలని, 1903లో టీ మీద పన్ను వేయించి ఆ డబ్బుతో ప్రచారం చేశాయి. 1930లలో సంతల్లో, రైల్వే స్టేషన్లలో ఉచితంగా కప్పులు పంచారు. అంటే టీ అనేది ప్రచారంతోనే మన ఇళ్ళలోకి వచ్చింది. ఇప్పుడు గ్రీన్ టీ కూడా అట్లాగే వస్తా ఉంది. కాబట్టి ప్రచారం ఎంత, నిజం ఎంత అని అడగడం మన హక్కు.

వగరును పట్టుకున్న అమ్మాయి

గ్రీన్ టీలో ఏముందో మొదట విడదీసి చూపించినవాళ్ళలో ఒక ఆడమనిషి ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమయింది. ఆమె పేరు మిచియో త్సుజిమురా. 1888లో జపాన్‌లో పుట్టింది. సైన్సు చదవాలని ఆశ. ఆ రోజుల్లో ఆడపిల్లలకు పరిశోధన స్థానాలు ఇచ్చేవారు కాదు. 1920లో హొక్కైడో విశ్వవిద్యాలయంలో జీతం లేకుండా పనిలో చేరింది. తరువాత టోక్యో వచ్చింది. 1923 భూకంపంలో ఆమె పనిచేసే ప్రయోగశాల నాశనమయింది. ఇంకో సంస్థలో మళ్ళీ మొదలుపెట్టింది. 1924లో తన సహోద్యోగితో కలిసి గ్రీన్ టీలో విటమిన్ సి ఉందని చూపించింది. 1929లో ఆకులో నుంచి కేటెకిన్‌ను విడదీసింది. 1932లో జపాన్‌లో వ్యవసాయశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి మహిళ అయింది. తరువాత టోక్యోలోని ఒచనోమిజు మహిళా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా పనిచేసింది. ఒచనోమిజు అనే ఊరి పేరుకు అర్థం ఏమిటో తెలుసా? టీ కాచే నీళ్ళు. మన మాటలో చెప్పాలంటే తేనీరే.

మేలు ఎంత?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను.

మొదటిది, గుండె. జపాన్‌లోని ఒహ్సాకి ప్రాంతంలో 40 నుంచి 79 ఏళ్ళ వయసున్న 40,530 మందిని పదేళ్ళకు పైగా గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు ఐదు కప్పులు, అంతకన్నా ఎక్కువ తాగేవాళ్ళను, ఒక కప్పు కన్నా తక్కువ తాగేవాళ్ళతో పోల్చారు. ఎక్కువ తాగే ఆడవాళ్ళలో మరణాలు 23 శాతం, మగవాళ్ళలో 12 శాతం తక్కువ కనబడ్డాయి. గుండె, రక్తనాళాల జబ్బుల విషయంలో తేడా ఇంకా స్పష్టంగా ఉంది. క్యాన్సరు మరణాల్లో మాత్రం తేడా లేదు. ఇది చూసి ఎగరకూడదు. వాళ్ళ కప్పు చిన్నది, సుమారు 100 మిల్లీలీటర్లు. వాళ్ళ తిండి వేరు, చేపలు ఎక్కువ. టీ తాగేవాళ్ళకు ఇతర మంచి అలవాట్లు కూడా ఉండొచ్చు. ఇది గమనించి చెప్పిన సంగతి, టీ వల్లనే అని రుజువు చేసింది కాదు.

రెండోది, కొలెస్ట్రాల్. గ్రీన్ టీతో చెడు కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గుతుందని చాలా పరీక్షల్లో కనబడింది. కొద్దిగా అనే మాట మరిచిపోవద్దు. మందులు వాడేవాళ్ళు మందు మానేసి టీ తాగకూడదు.

మూడోది, మెలకువ. టీలో కెఫీన్ ఉంది. కాఫీలో కన్నా తక్కువ. దానితో పాటు థియనిన్ అనే పదార్థం కూడా ఉంది. రెండూ కలిసి మనసును నెమ్మదిగా, మెలకువగా ఉంచుతాయని చెబుతారు. పరీక్షల ముందు రాత్రి చదివేవాళ్ళకు ఇది పనికొచ్చే మాటే. పడుకోబోయే ముందు తాగితే మాత్రం నిద్ర పాడవుతుంది.

నాలుగోది, మనకు ఎక్కువ ఆశ ఉన్నది, బరువు తగ్గడం. దీని మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2012లో ఒక పెద్ద సమీక్ష చేశారు. తగ్గే బరువు ఎంత తక్కువంటే, వైద్యపరంగా లెక్కలోకి రాదని తేల్చారు. మరి గ్రీన్ టీ తాగి సన్నబడ్డవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. పాలు, చక్కెర వేసిన టీ నాలుగు గ్లాసులు మానేసి చక్కెర లేని టీ తాగితే ఆ చక్కెర తగ్గుతుంది. అది టీ మహిమ కాదు, చక్కెర మానిన ఫలం. టిఫిన్ మానేసి సన్నబడితే అది ఆకలి ఫలం.

గ్రీన్ టీ సారం అని మాత్రలు కూడా అమ్ముతున్నారు. అవి మాత్రం వద్దే వద్దు. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ అనే కేటెకిన్ మాత్రల రూపంలో తీసుకుంటే కాలేయానికి హాని జరగవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. ఆకు కాచుకుని తాగడం వేరు, సారం తీసి మింగడం వేరు.

కీడు ఎక్కడుంది?

ఇప్పుడు రక్తదాన శిబిరానికి తిరిగి పోదాం. నర్సక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది.

మనం తినే రాగి, సజ్జ, ఉలవలు, ఆకుకూరల్లో ఇనుము ఉంది. కానీ మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి సులువుగా పట్టదు. టీలోని వగరు పదార్థాలు కడుపులో ఆ ఇనుమును పట్టుకుని, లోపలికి పోనివ్వకుండా చేస్తాయి. అన్నంతో పాటు, లేదా తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఇనుములో చాలా భాగం వృథా. మాంసం, చేపల్లోని ఇనుముకు ఈ ఇబ్బంది తక్కువ. శాకాహారం తినేవాళ్ళకే ఎక్కువ నష్టం. పాల టీ అయినా, పచ్చ టీ అయినా ఇది తప్పదు. మంచిదని పేరు తెచ్చిన కేటెకిన్లే ఇక్కడ అడ్డుపడేది. మేలూ కీడూ ఒకే వగరులో ఉన్నాయి.

ఇది చిన్న సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో అది 59 శాతం. పది మందిలో ఆరుగురు. నెలనెలా రక్తం పోయే మనకు, సరిగా తినకుండా దానికి తోడు వగరునీళ్ళు తాగితే, మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో కళ్ళు మూతలు పడడం, జుట్టు ఊడడం ఎందుకు రావు?

ఈ మాట చెప్పిన సంస్థ చరిత్ర కూడా మన కొండదే. 1918లో కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు పోషణ లోపాల మీద పరిశోధన మొదలుపెట్టాడు. చుట్టూ టీ తోటలు, మధ్యలో ఆ గది. 1929లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడికి వచ్చింది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనతకు కారణం వెదకడం ఆమె పని. ఈస్టు సారం తినిపిస్తే ఆ జబ్బు నయమవుతుందని కనిపెట్టి 1931లో ప్రకటించింది. అందులో పనిచేసిన పదార్థానికి తరువాత ఫోలిక్ ఆమ్లం అని పేరొచ్చింది. 1941లో పాలకూర ఆకుల నుంచి తీశారు కాబట్టి లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి ఆ పేరు పెట్టారు. ఇది ఇనుము లోపం కాదు, ఇంకో రకం రక్తహీనత. అయినా మందు ఆకులోనే దొరికింది.

నాకు ఇక్కడ ఒక ఆశ్చర్యం. లూసీ విల్స్ కూడా 1888లోనే పుట్టింది, త్సుజిమురా పుట్టిన ఏడాదే. ఒకామె టోక్యోలో తేయాకు వగరును విడదీసిన 1929లోనే, ఇంకొకామె మన కూనూరులో ఆడవాళ్ళ రక్తహీనత మీద పని చేస్తా ఉంది. ఒకరి సంగతి ఇంకొకరికి తెలిసి ఉంటుందని నేను అనుకోను. కానీ ఇద్దరి పనీ ఇప్పుడు మన గ్లాసు దగ్గర కలుస్తా ఉంది.

కూనూరులోని ఆ పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు మారింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. అదే సంస్థ 2024లో దేశప్రజలకు ఆహార సూచనలు ప్రకటించింది. భోజనానికి కనీసం గంట ముందు, గంట తరువాత టీ కాఫీలు వద్దని, రోజు మొత్తం మీద కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదని చెప్పింది. కొండ మీద పుట్టి తెలుగు నేలకు పోయిన సంస్థ చెప్పిన ఈ ఒక్క మాట పాటించినా చాలు.

ఎట్లా కాచాలి, ఎప్పుడు తాగాలి?

హాస్టల్లో పనికొచ్చేట్టు వరుసగా చెబుతాను.

1. నీళ్ళు మరిగించి దించి, నాలుగైదు నిమిషాలు ఆగండి. మరిగే నీళ్ళలో వేస్తే చేదెక్కుతుంది. 70 నుంచి 80 డిగ్రీల వేడి సరిపోతుంది.

2. ఒక గ్లాసుకు ఒక చిన్న చెంచా ఆకు. రెండు మూడు నిమిషాలు చాలు, తరువాత వడగట్టండి. పొయ్యి మీద పెట్టి కాచకండి.

3. పాలు వద్దు. చక్కెర వేస్తే తాగిన ప్రయోజనం పోతుంది. నిమ్మరసం పిండుకోవచ్చు.

4. నోరు కాలేంత వేడిగా తాగొద్దు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు ఏవైనా అన్నవాహికకు మంచివి కావని, క్యాన్సరు ప్రమాదం ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2016లో చెప్పింది.

5. టిఫిన్‌కు బదులు కాదు. పొద్దున పరగడుపున కాదు, కొందరికి కడుపులో తిప్పుతుంది. పదకొండు గంటలకో, సాయంత్రం నాలుగు గంటలకో తాగండి. రోజుకు రెండు కప్పులు మనకు చాలు.

6. ఇనుము మాత్ర వేసుకునేవాళ్ళు ఆ మాత్రను టీతో మింగకండి. నీళ్ళతోనే వేసుకోండి. అన్నంలో నిమ్మకాయ, ఉసిరికాయ ఉంటే ఇనుము ఇంకా బాగా పడుతుంది.

7. రక్తం పలచబడే మందులు, రక్తపోటు మందులు వాడే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, డాక్టరును అడిగి తాగమనండి. గర్భిణులు కూడా అడగాలి.

చివరగా

నేను గ్రీన్ టీ మానలేదు. సాయంత్రం నాలుగింటికి ఒక గ్లాసు తాగుతున్నాను. మానింది పొద్దుటి అబద్ధాన్ని, అంటే తినకుండా తాగి ఆరోగ్యం అనుకోవడాన్ని. ఇప్పుడు పొద్దున అవ్వ చేసే సజ్జంబలి, వారానికి మూడు రోజులు మునగాకు పప్పు, ఇనుము మాత్ర. డాక్టరమ్మ మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్ష చేయించుకోమంది.

తేయాకు మనకు శత్రువు కాదు, ఆకుకూరకు బదులూ కాదు. ముందు ఆకుకూర తినండి. గంట ఆగి తేయాకు తాగండి.

వచ్చే రక్తదాన శిబిరానికి నాతో పాటు వరుసలో నిలబడాలనుకునేవాళ్ళు ఈ కాగితం కింద పేరు రాయండి. ఈసారి మనల్ని ఎవరూ వెనక్కి పంపకూడదు.